నాలుగు రివెట్లు

కంచరపాలెం మెట్టు కింద నా షెడ్డు.
ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము
మనుషులకన్నా ముందే ముసలిదవుతుంది.

హుద్‌హుద్ నాడు వేపచెట్టు పడి నడుం విరిగిన ల్యాండ్‌మాస్టర్,
వాల్తేరు రైల్వేలో గార్డు చేసిన రోజారియో గారిది,
తొమ్మిదేళ్లు టార్పాలిన్ కింద ఉండి ఉండి
మొన్న కాటాకి వచ్చింది.
కిలో ముప్పై రెండు.
తలుపులు, బానెట్టు, స్ప్రింగు పట్టీలు అన్నీ తూగాయి.
సీటు స్పాంజిలో ఏ పిల్లో పిల్లల్ని పెట్టిన గుంట,
అదొక్కటే తూకానికి రాలేదు.

ఇంజను వెనక గోడకి
అరచెయ్యి కూడా నిండని ఇత్తడి రేకు.
పుట్టిన రోజున సుత్తితో కొట్టిన అంకెలు.
చిలుము పట్టి, చివరి ఏడు ఒకటిలా కనిపిస్తోంది.

"డొక్కు నువ్వే ఉంచుకో" అన్నాడు
బెంగుళూరు నుంచి వచ్చిన తెల్లచొక్కా ఆయన.
"రేకూ, ఆర్సీ బుక్కూ ఇయ్యి. అరవై వేలు."
బండి మొత్తం కోస్తే వచ్చింది ముప్పై నాలుగు.
"రేకు అమ్మకూడదని ఏ చట్టంలో ఉందయ్యా?"

చట్టం చదవడం నాకు రాదు.
రివెట్టు చదవడం వచ్చు.
కంపెనీ కొట్టింది బొడ్డులా ఒదిగి ఉంటుంది.
మనం కొట్టింది, ఎంత నునుపుగా కొట్టినా,
అద్దె కోటు వేసుకున్న పెళ్లికొడుకులా
దూరం నుంచే తెలిసిపోతుంది.

పోయిన మా పెదనాన్న పేరు మీద
రెండేళ్లు రేషన్ బియ్యం తెచ్చుకున్నాం.
అన్నం తెల్లగానే ఉడికింది.
ఆయనొచ్చి అడగలేదు.

నేనేమీ హరిశ్చంద్రుణ్ణి కాను.
తొంభై ఆరులో మా మేస్త్రి సాంబమూర్తి
"ఏటవుద్దిరా, ఎవుడు సూస్తాడు" అంటే
ఒక జీపు రేకు పీకి ఇంకో జీపుకి కొట్టాను.
మూడొందలూ, ఒక బిరియానీ పొట్లం.
ఆ జీపు అచ్యుతాపురం మలుపులో ఒకణ్ణి గుద్ది
ఆగకుండా పోయింది.
నంబరు పట్టుకుని పోలీసులు నర్సీపట్నం వెళ్లారు,
అసలు జీపుని ఎప్పుడో తుక్కుకి వేసిన ఎర్రునాయుడి ఇంటికి.
"నా జీపు ముక్కలైపోయింది బాబూ"
"మరి రోడ్డు మీద తిరుగుతున్నదేంటి?"
పదకొండు నెలలు తిరిగాడు కోర్టుకి.
పోయినవాడి పేరు నాకు ఇప్పటికీ తెలీదు.
తెలుసుకోలేదు.

ఇదంతా చెబితే తెల్లచొక్కా ఆయన నవ్వాడు.
"నాది దొంగ బండి కాదు. తాతగారి బండి.
బాడీ ఉంది, ఇంజనుంది, రేకే రాలిపోయింది.
పేరు లేని బిడ్డకి ఒక పేరు అడుగుతున్నాను, అంతే."
అక్కడ తడబడ్డాను.
నిజమే అయ్యుండొచ్చు. కళ్లు నిజంలాగే ఉన్నాయి.
పేరు కావాలంటే కొత్తది రాయించుకోవాలి గానీ
శ్మశానంలో ఏరుకుంటారా అని
నోటి దాకా వచ్చింది.
టీ ఇప్పించాను.

కంప్రెసరు కిస్తీ మూడు నెలలు బాకీ.
మా భద్రమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది.
ఏమీ అనలేదు.
అనకపోవడం ఆమెకి బాగా వచ్చు.

మర్నాడు మర్రిపాలెం ఆర్టీవో ఆఫీసు.
మూడో కిటికీలో అమ్మాయి ఆర్సీ తీసుకుని ముద్ర కొట్టింది.
రేకుని అటూ ఇటూ తిప్పింది, గోటితో చిలుము గీకింది.
"దీనికి కాలమ్ లేదండీ" అని
కిటికీ కిందనుంచి వెనక్కి నెట్టింది.

చట్టం అక్కడ ఆగింది.
మిగిలిన దారి నడిచే వచ్చాను, ఎండలో, రేకు జేబులో.
షెడ్డుకొచ్చి డ్రిల్లు పెట్టి
చివరి ఏడు మీద చిల్లు వేశాను.
ఇత్తడి పొట్టు మోకాలి మీద రాలింది, బంగారంలా, ఒక్క క్షణం.

ఇప్పుడది నట్లడబ్బాలో ఉంది.
పావంగుళం బోల్టు కోసం వెతికితే
ముందు అదే చేతికొస్తుంది.

నిన్న మళ్లీ ఫోను.
"ఉందా?" అన్నాడు.
"ఉంది" అన్నాను.
చిల్లు సంగతి చెప్పబోతుంటే
డెబ్బై అయిదు, అన్నాడు.
ఫోను చెవి దగ్గరే పెట్టుకుని
చాలాసేపు విన్నాను.